వికాస్ ఖన్నా

వికాస్ ఖన్నా (జననం: 1971 నవంబరు 14) భారతీయ షెఫ్, రచయిత, సినీ దర్శకుడు, టెలివిజన్ న్యాయనిర్ణేత. అమృత్‌సర్‌లో జన్మించాడు.

బాల్యం, విద్య: పుట్టుకతో పాదాల వంకర ఉండటంతో బాల్యంలో ఎక్కువ సమయం నాయనమ్మతో వంటింట్లోనే గడిపాడు. అక్కడే వంటపై మక్కువ కలిగింది. పదిహేడో ఏట లారెన్స్ గార్డెన్స్ పేరుతో విందు భోజనాల వ్యాపారం ప్రారంభించాడు. తర్వాత మణిపాల్‌లో హోటల్ నిర్వహణ చదివాడు.

వృత్తి: 2000లో న్యూయార్క్ చేరి, చిన్న పనులతో మొదలుపెట్టి ఎదిగాడు. 2010లో ప్రారంభమైన జునూన్ రెస్టారెంట్‌కు ఆయన సారథ్యంలో 2011లో మేటి రెస్టారెంట్లకు ఇచ్చే మిషెలిన్ స్టార్ దక్కింది. 2024లో న్యూయార్క్‌లోనే బంగలో రెస్టారెంట్ తెరిచాడు. ‘ది లాస్ట్ కలర్’ చిత్రానికి దర్శకత్వం వహించాడు.

మాస్టర్‌షెఫ్ ఇండియా: 1990లో బ్రిటన్‌లో మొదలైన టెలివిజన్ వంటల పోటీ మాస్టర్‌షెఫ్‌కు ఇది హిందీ రూపం, 2010లో స్టార్ ప్లస్‌లో ప్రారంభమైంది. ఇళ్లలో వండేవారే పోటీదారులు. నిర్ణీత సమయంలో వండిన వంటకాన్ని న్యాయనిర్ణేతలు రుచి చూసి తీర్పు చెబుతారు. వెనకబడినవారు దశలవారీగా నిష్క్రమిస్తారు. 2011 నాటి రెండో సీజన్‌తో న్యాయనిర్ణేతగా చేరిన ఖన్నా దేశమంతటా సుపరిచితుడయ్యాడు. గృహిణుల చేతివంటకు, ప్రాంతీయ రుచులకు గౌరవం తెచ్చిపెట్టడం ఈ పోటీ సాధించిన గొప్ప మేలు. దీని తెలుగు రూపం 2021లో జెమినీ టీవీలో ప్రసారమైంది. తొలుత నటి తమన్నా వ్యాఖ్యాతగా వ్యవహరించింది.

సేవ: 2020లో కోవిడ్ లాక్‌డౌన్ వేళ ‘ఫీడ్ ఇండియా’ కార్యక్రమం ద్వారా న్యూయార్క్ నుంచే సమన్వయం చేస్తూ దేశంలోని అనాథాశ్రమాలకు, వృద్ధాశ్రమాలకు, వలస కార్మికులకు ఆహారం అందేలా చూశాడు.