బిరడా తీయని ఫిరంగి: అరూబా, 1942

వెనిజులాలోని మారకైబో సరస్సు అడుగున చమురుకు కొదవ లేదు. కానీ సరస్సు సముద్రంలో కలిసేచోట ఇసుక మేటలు వేసి, పెద్ద ఓడలు లోపలికి పోలేకపోయేవి. తక్కువ లోతులో తేలే చిన్న ట్యాంకర్లే ముడిచమురును ఎదురుగా ఉన్న డచ్చి దీవులకు చేరవేసేవి. అరూబాలో లాగో, కురసావ్‌లో షెల్ రిఫైనరీలు ఆ చమురు మీదే బతికాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌కు ఇక్కడి నుంచి ఇంధనం పెద్దయెత్తున వెళ్లేది.

1942 ఫిబ్రవరి 16, అర్ధరాత్రి దాటింది. అరూబాలోని శాన్ నికొలాస్ రేవులో దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. జర్మన్ జలాంతర్గామి యు-156 కమాండర్ వెర్నర్ హార్టెన్‌స్టైన్‌కు గురి చూడటం కష్టం కాలేదు. అతని టార్పెడోలు పెడెర్నాలెస్, ఒరాన్యెస్టాడ్ అనే రెండు ట్యాంకర్లను తాకాయి. మండే చమురు నీటిమీద పరుచుకుంది. ఇక రిఫైనరీ వంతు. నీటిపైకి తేలినప్పుడు వాడే 10.5 సెంటీమీటర్ల ఫిరంగిని దానివైపు తిప్పారు. నీరు చొరకుండా గొట్టం మూతికి బిగించిన బిరడాను తీయడం మరిచారు. మొదటి గుండుకే గొట్టం కొస పేలిపోయింది. ఒక నావికుడు చనిపోయాడు, ఒక అధికారి కాలు పోయింది. చిన్న తుపాకీతో కాల్చిన గుండ్లు ఒక చమురు తొట్టికి సొట్ట పెట్టడం మినహా సాధించిందేమీ లేదు. చీలిన గొట్టాన్ని తర్వాత రంపంతో కోసేసి, ఆ కురచ ఫిరంగితోనే ఓడలను ముంచడం హార్టెన్‌స్టైన్ మొండితనానికి గుర్తు.

రిఫైనరీ బతికిపోయిందని బిరడా కథనే అందరూ చెబుతారు. అసలు దెబ్బ తగిలింది సరస్సు ట్యాంకర్లకు. అదే రోజు యు-502 మరో మూడింటిని ముంచింది. ముడిచమురు రాకపోతే చెక్కుచెదరని రిఫైనరీ అయినా చేసేదేముంది? పెడెర్నాలెస్‌కు మాత్రం పాడైన నడుము కోసేసి, రెండు కొసలూ అతికి, మరమ్మతుకు బాల్టిమోర్ పంపారు.

ఓడలను అతకొచ్చు, మనుషుల భయాన్ని అతకడం కుదరలేదు. రక్షణ లేకుండా ట్యాంకర్లు ఎక్కబోమని కురసావ్‌లో చైనా నావికులు మొరాయించారు. వారిని నిర్బంధ శిబిరంలో ఉంచారు. ఏప్రిల్ 20న అక్కడ జరిగిన కాల్పుల్లో 15 మంది చనిపోయారు.