పచ్చిక కింద మనుషులు

కిందటేడు అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు, మనవణ్ణి ఆడించడానికి డెన్వర్‌లోని చీస్‌మన్ పార్కుకు వెళ్లేవాణ్ణి. విశాలమైన పచ్చిక, పెద్ద చెట్లు, తెల్లని పాలరాతి మండపం. ఆ పార్కు ఒకప్పుడు శ్మశానమని తెలిశాక, మన బడి వెనకాల బొందలగడ్డ గుర్తొచ్చింది.

డెన్వర్ పుట్టిన 1858లోనే, ఊరికి పునాది వేసిన విలియం లారిమర్ ఆ శ్మశానాన్నీ మొదలుపెట్టాడు. పేరు మౌంట్ ప్రాస్పెక్ట్, విస్తీర్ణం 320 ఎకరాలు. కలిగినవాళ్లు క్రమంగా కొత్త శ్మశానాలకు మారిపోగా, ఇది బీదలకూ, దిక్కులేనివారికీ మిగిలింది. ఊరు పెరిగి మేడలు అక్కడిదాకా వచ్చాయి. 1890లో అమెరికా కాంగ్రెసు ఆ స్థలాన్ని పార్కు చేసుకోవడానికి ఒప్పుకుంది. తమవాళ్ల అస్థికలను 90 రోజుల్లో తరలించుకోవాలని కుటుంబాలకు గడువు పెట్టారు. వేల సమాధుల కోసం ఎవరూ రాలేదు.

1893లో మెక్‌గవర్న్ అనే అంత్యక్రియల వ్యాపారికి ఆ పని కాంట్రాక్టు ఇచ్చారు. పెట్టెకు 1.90 డాలర్లు. లెక్క మనిషికి కాదు, పెట్టెకు! అతను మూడున్నర అడుగుల చిన్న పెట్టెలు తెప్పించి, శవాలను ముక్కలు చేసి, ఒక్కొక్కరిని రెండు మూడు పెట్టెల్లో సర్దించాడు. పత్రికలు బయటపెట్టడంతో మేయరు పని ఆపించాడు. మిగిలినవారిని మాత్రం తీయలేదు. నేల చదును చేసి మొక్కలు నాటారు. సుమారు 2,000 మంది ఇంకా అక్కడే ఉన్నారని అంచనా. 2010లో నీటి గొట్టాల కోసం తవ్వితే ఎముకలు బయటపడ్డాయి.

దయ్యాల కథలకు కొదవ లేదు. పెట్టెలకున్న ఇత్తడి దొంగిలించిన కూలీ భుజాల మీద ఏదో దూకిందనీ, వాడు మళ్లీ పనిలోకి రాలేదనీ చెబుతారు. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు రాత్రిళ్లు దిక్కుతోచని ఆకారాలు కనిపించేవట. నమ్మినా నమ్మకపోయినా, ఆ నేలలో మనుషులున్నారన్న సంగతిని ఊరు మరిచిపోకుండా చూసింది ఆ కథలే.

మన బొందలగడ్డ మీద కొరివిదయ్యం కథలల్లి చిన్న పిల్లల్ని హడలగొట్టినవాళ్లలో నేనే ముందుండేవాణ్ణి. మా బెంచీలో ఒకడు మాత్రం ఎప్పుడూ నవ్వేవాడు కాదు. వాళ్లమ్మను అక్కడే పూడ్చారని పదో తరగతి చివర్లో సోషల్ సార్ చెప్పేదాకా నాకు తెలియదు. తెలిశాక కూడా వాడితో ఒక్క మాట అనలేకపోయాను.

ఇప్పుడక్కడ ఇళ్ల ప్లాట్లు వెలిశాయి. అక్కడ పూడ్చిన తమవాళ్ల పేర్లు చెప్పగల పెద్దలు ఊళ్లో ఇంకా కొందరున్నారు. వాళ్లుండగానే ఆ పేర్లు రాసి పెడదామని మన సంఘానికి నా మనవి. స్వర్ణోత్సవానికి మా బెంచీవాడు వస్తే, ముందు వాడి దగ్గరికే వెళ్తాను. మొదటి పేరు వాడినే అడుగుతాను.