సీసా దొరికేదాకా

1941 డిసెంబర్ 7 ఉదయం గ్రీసులోని కెఫలోనియా దీవి ఒడ్డున, మావ్రాతా ఊరి దగ్గర, ఇద్దరు జాలర్లకు ఒక మనిషి పడి ఉండటం కనిపించింది. పేరు జాన్ కేప్స్. బ్రిటిష్ నౌకాదళంలో స్టోకర్, అంటే ఇంజిన్ గది మనిషి. ముందురోజు రాత్రి హెచ్‌ఎంఎస్ పెర్సియస్ అనే సబ్‌మరైన్ మైన్ తగిలి మునిగిందట. అందులో ఉన్న 61 మందిలో ఇతనొక్కడే ఈదుకుంటూ ఒడ్డు చేరాడట. దీవి అప్పుడు ఇటలీ సైన్యం చేతిలో ఉంది. ఊరివాళ్లు ప్రాణాలకు తెగించి అతన్ని 18 నెలలు దాచి, 1943లో పడవెక్కించి టర్కీ చేర్చారు. ప్రభుత్వం పతకం ఇచ్చింది. అనుమానం మాత్రం పోలేదు.

ఎలా పోతుంది? పెర్సియస్ సిబ్బంది జాబితాలో అతని పేరే లేదు. చూసిన సాక్షి లేడు. డెప్త్ చార్జ్‌ల (నీళ్లలో పేలే బాంబుల) అదురుకు లేచిపోకుండా, బయటపడే తలుపుల్ని పైనుంచి బోల్టులతో బిగించాలన్న ఆదేశాలున్నాయి. పైగా లోతు కొలిచే ముల్లు 270 అడుగులు చూపించిందంటాడు. అంత లోతులో పీల్చే ఆక్సిజనే విషమవుతుంది. అన్నిటికీ మించి మనిషి మాటకారి. చెప్పిన ప్రతిసారీ కథలో ఏదో ఒకటి మారేది.

జాబితా చిక్కు తేలికగానే వీడుతుంది. అతను ప్రయాణికుడు. మాల్టాలో ఎక్కాడు, అలెగ్జాండ్రియాలో దిగాలి. అందుకే వెనకవైపు ఖాళీ టార్పెడో గొట్టంలో పడక వేసుకున్నాడు.

ఇక మిగిలింది తలుపు. విశాఖ బీచ్‌లో కుర్సురా సబ్‌మరైన్‌లోకి వెళ్లి, గదినుంచి గదికి నడుం వంచి దూరినవాళ్లకు ఆ ఇరుకు తెలుసు. అందులో చీకటి, నూనె కంపు, పైకెక్కే నీళ్లు ఊహించుకోండి. బయటి నీరు తలుపును అదిమి పడుతుంది. లోపలి ఒత్తిడి దానికి సమానమయ్యేదాకా గదిని చేతులారా నీళ్లతో నింపాలి. కేప్స్ ఆ పనే చేశానన్నాడు. గాయపడ్డ ముగ్గురు తోటి స్టోకర్లకు ముక్కుకు క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం అందించి, రొమ్మున ఆక్సిజన్ సంచి కట్టి ముందు వాళ్లను పైకి పంపాడు. తరవాత తన సీసాలోంచి ఒక గుక్క రమ్ము తాగి తనూ బయల్దేరాడు. ఆ ముగ్గురూ మళ్లీ కనిపించలేదు.

ఈ గుక్క సంగతే నాకు నమ్మకం కలిగించింది. గొప్పలు చెప్పుకునేవాడైతే ఆఖరి క్షణంలో దేవుణ్ణో తల్లినో తలుచుకున్నానంటాడు.

1997లో గ్రీకు డైవర్ కోస్తాస్ థోక్తారిడిస్ బృందం ఆ శిథిలాన్ని చూసింది. లోతు 52 మీటర్లు, అంటే దాదాపు 170 అడుగులే. వంద అడుగులు ఎక్కువ చెప్పాడన్నమాట. నా లెక్కలో తప్పు కేప్స్‌ది కాదు, పేలుడుకు దెబ్బతిన్న ఆ ముల్లుది. బోల్టులు బిగించమన్నంత మాత్రాన అందరూ బిగించారా? వెనక తలుపు తెరిచే ఉంది. లోపల టార్పెడో గొట్టం పడక అతను చెప్పినచోటే ఉంది. రమ్ము సీసా కూడా దొరికింది.

కేప్స్ 1985లోనే చనిపోయాడు.