పౌను గింజల కూలి, రెండొందల పన్ను

హైదరాబాదులోనో బెజవాడలోనో ఉద్యోగం చేసేవాళ్ళ పే స్లిప్పులో పీఎఫ్ పక్కన ఒక చిన్న వరస ఉంటుంది. పీటీ: 200. అంటే వృత్తి పన్ను. నెలకు పాతిక వేలొచ్చేవాళ్ళకీ అంతే, రెండు లక్షలొచ్చేవాళ్ళకీ అంతే. "ఏంది ఇది?" అని అడిగితే హెచ్చార్ వాళ్ళు "అది స్టేట్‌ది లెండి" అంటారు. రెండొందలే కదా అని మనమూ ఊరుకుంటాం. నేను మాత్రం దాని వెనకాల పడ్డాను. మాది నెల్లూరు వైపు. మా తీరంలో కూలికీ పన్నుకీ మధ్య పాత లెక్కలు చాలా ఉన్నాయి. ఆ లెక్కలకు ఈ రెండొందలు మంచి వాకిలి.

ముందు, రెండొందలే ఎందుకు? నెలకు 200 అయితే ఏడాదికి 2,400. రాజ్యాంగం 276వ అధికరణం ప్రకారం ఒక మనిషి దగ్గర ఏడాదికి 2,500 రూపాయలకు మించి వృత్తి పన్ను వసూలు చేయకూడదు. పన్నెండు సమాన భాగాలు చేస్తే, గుండ్రటి అంకెల్లో ఆ గోడకు తగలకుండా నిలబడేది రెండొందలే. మొదట్లో ఆ హద్దు 250 రూపాయలు. 1988లో 60వ సవరణతో పదింతలైంది. దానికంటే ముందు, బ్రిటిషువాళ్ళ కాలంలో, 50 రూపాయలు. ఆ హద్దు పుట్టుకే విచిత్రం. 1939లో యునైటెడ్ ప్రావిన్సెస్ ప్రభుత్వం పెద్ద జీతాల మీద ఉద్యోగ పన్ను వేయబోయింది. ఆదాయ పన్ను ఢిల్లీ సొత్తు కదా, రాష్ట్రాలు దొడ్డిదారిన దాన్ని లాక్కుంటే ఎట్లా అని పైవాళ్ళు కంగారుపడ్డారు. 1935 చట్టానికి ఒక సెక్షను తగిలించి యాభై దగ్గర కట్టడి చేశారు. పెద్ద జీతగాళ్ళను కాపాడటానికి కట్టిన ఆ గోడే ఇవాళ్టికీ నిలబడి ఉంది. పాతిక వేలకూ రెండు లక్షలకూ ఒకే పన్ను ఎందుకో దాంతో తెలిసిపోతుంది.

మన చట్టం 1987 నాటిది. అంతకు ముందు ఈ పన్ను మునిసిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసుకునేవి. 1987లో రాష్ట్రం తన చేతిలోకి తీసుకుంది. నెల జీతం 15,000 దాకా ఏమీ లేదు, ఆపైన 20,000 దాకా 150, అది దాటితే 200. తెలంగాణ విడిపోయాక అక్కడా ఇదే పద్ధతి. ఇందులో గమనించాల్సింది యజమాని పాత్ర. పన్ను ఉద్యోగిది, కట్టే బాధ్యత యజమానిది. జీతంలో కోయడం మరిచిపోయినా సరే, కట్టాల్సిందే. సర్కారు మన ఇంటికి రాదు, యజమాని జీతాల పుస్తకం దగ్గరికి పోతుంది.

ఒకప్పుడు ఇంటికే వచ్చేది. ఆ పన్ను పేరు మొతర్ఫా. అరబీలో హిర్ఫా అంటే చేతిపని, అందులోంచి పుట్టిన మాట. నవాబుల కాలం నుంచి కుంఫిణీ వాళ్ళకు వారసత్వంగా వచ్చింది. నేతవాళ్ళు, వడ్రంగులు, కంసాలులు, అంగళ్ళవాళ్ళు, ఊరికో రేటున ఇంకా ఎన్నో చేతిపనులవాళ్ళు కట్టేవాళ్ళు. దానికి తోడు వర్తకుల మీద వీసబడి అని ఇంకొకటి. మగ్గం మీద పన్ను అంటే ఏంటో ఆలోచించండి. గుడ్డ అమ్ముడుపోయిందా లేదా అన్నది లెక్కలోకి రాదు. మగ్గం ఇంట్లో ఉంటే చాలు. అదీ ఎప్పుడు? మాంచెస్టరు గుడ్డ దిగి, కోరమండల్ తీరపు నేత ఎగుమతులు చచ్చిపోతున్నప్పుడు. సంపాదన పోయింది, సంపాదించే పనిముట్టు మీద పన్ను మాత్రం మిగిలింది.

దీని మీద గట్టిగా మాట్లాడినవాళ్ళలో మనవాడు ఒకాయన ఉన్నాడు. గాజుల లక్ష్మీనరసు శెట్టి. మద్రాసులో ఉన్న తెలుగు వర్తకుడు. ఆయన ముందుండి పెట్టిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ 1852లో బ్రిటిషు పార్లమెంటుకు పంపిన అర్జీలో ఉప్పు పన్నుతో పాటు మొతర్ఫా గోడు కూడా ఉంది. 1860లో జేమ్స్ విల్సన్ ఆదాయ పన్ను తెచ్చాడు. ఏడాదికి 200 రూపాయల లోపు ఆదాయం ఉన్నవాళ్ళకు అది లేదు. మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెల్యన్ ఈ పన్ను వద్దని తన అభిప్రాయం పత్రికలకెక్కించి, ఉద్యోగం పోగొట్టుకుని ఇంగ్లండు వెళ్ళిపోయాడు. ఆ ఒకటి రెండేళ్ళలోనే మొతర్ఫా పోయింది. పోయిందంటే పూర్తిగా పోలేదు. 1865లో పట్టణాల అభివృద్ధి చట్టం వచ్చింది, 1866లో నెల్లూరు మునిసిపాలిటీ ఏర్పడింది. ఆ చట్టంలో వృత్తుల మీద, వ్యాపారాల మీద పన్ను వేసుకునే వీలు మళ్ళీ ఉంది. పేరు మారి, వీధి దీపాల కోసం, రోడ్ల కోసం అదే పన్ను తిరిగొచ్చింది.

ఇదంతా తీసుకునే చెయ్యి కథ. ఇచ్చే చెయ్యి కథ చూడాలంటే కాలవ గట్టుకు పోవాలి.

నెల్లూరు నుంచి మైపాడు బీచికి పోయేవాళ్ళు సముద్రం ఇంకా కనపడకముందే ఒక కాలవ దాటతారు. ఎక్కువమంది దాన్ని చూడరు. అది బకింగ్‌హాం కాలవ. మద్రాసు నుంచి పులికాట్ మీదుగా, కృష్ణపట్నం పక్కగా, తీరం వెంబడే పెద్దగంజాం దాకా పోతుంది. కాలవ మొదలైంది 1806లో, ముక్కలు ముక్కలుగా సాగింది. దానికి ఇప్పుడున్న పేరూ, తీరం పొడుగునా దాని మీద పెద్ద ఎత్తున జరిగిన మట్టి పనీ 1876-78 కరువు నాటివి. మన పెద్దవాళ్ళు ధాత కరువు అన్నది దాన్నే. డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం అప్పటి మద్రాసు గవర్నరు. తవ్వినవాళ్ళు కరువు కూలీలు.

1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు చేశాడు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు కరువు ఖర్చు తగ్గించి రమ్మని పంపాడు. టెంపుల్ తేల్చిన కొత్త రేటు: మగ కూలీకి రోజుకు ఒక పౌను గింజలు కొనుక్కునేంత డబ్బు, దాని మీద ఉప్పూ పప్పుకు కాస్త చిల్లర. ఆడవాళ్ళకు చిల్లరలో కోత, పిల్లలకు గింజల్లోనూ కోత. పౌను అంటే 454 గ్రాములు. అన్నం వండుకుంటే సుమారు 1,600 క్యాలరీలు. రోజంతా మట్టి తవ్వి మోసే మనిషికి అది. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ దీన్ని ఒప్పుకోలేదు. జైళ్ళలో కష్టపు పని చేసే ఖైదీలకు ఇంతకంటే ఎక్కువ పెడుతున్నాం కదా అన్నది ఆయన వాదం. కాగితాల మీద యుద్ధం నెలల తరబడి నడిచింది. చివరికి మే నెలలో మద్రాసు ప్రభుత్వం రేటు పెంచింది. ఆ లోపల ఎంతమంది పోయారన్నది కూలి రేట్ల కాగితాల్లో కనపడే సంగతి కాదు.

నన్ను బాగా కలవరపెట్టింది ఈ పౌను లెక్కే. అక్కడ యజమాని సర్కారే. రేటు పెట్టేదీ తనే, పని చూపించేదీ తనే. ఇంత ఆకలిలో కూలీ బేరమాడలేడని తెలిసినవాడూ తనే. ఆ రేటు ఎట్లా తేలింది? పనిని బట్టి కాదు. మనిషి చావకుండా ఎంతలో ఉంటాడన్నదాన్ని బట్టి. దాంట్లోనూ తప్పారు.

మరి ఆ కరువు ఖర్చు ఎవరి నెత్తిన పడింది? మళ్ళీ కరువొస్తే ఆదుకోవాలంటూ ఏటా కోటిన్నర రూపాయలు పక్కన పెడతామన్నారు. దానికోసం 1878లో వ్యాపారాల మీద, చేతిపనుల మీద లైసెన్సు పన్ను వేశారు. జీతాలు తీసుకునే ఉద్యోగులకూ ప్లీడర్లకూ అది లేదు. మద్రాసులో ఉప్పు సుంకం బెంగాలు మణుగుకు, అంటే 37 కిలోలకు, 1 రూపాయి 13 అణాల నుంచి 2 రూపాయల 8 అణాలకు ఎక్కించారు. కాలవ తవ్వి బతికి బయటపడిన కూలీ, తర్వాత గంజిలో వేసుకునే ఉప్పు కల్లుతో తన కరువు బాకీ తీర్చాడన్నమాట. ఆ కాలవకు కూతవేటు దూరంలోనే ఉప్పు మడులున్నాయి. 1930లో మైపాడు దగ్గర జనం ఉప్పు వండటానికి దిగారంటే దాని వెనక గాంధీగారి పిలుపొక్కటే లేదు, ఇంత పాత లెక్క కూడా ఉంది.

పౌను లెక్కకు జవాబు రావడానికి డెబ్బై ఏళ్ళు పట్టింది. 1948 కనీస వేతనాల చట్టం. దానికి ఒక షెడ్యూలుంది. ఏ పనుల్లో ప్రభుత్వం కూలి రేటు కట్టి తీరాలో ఆ జాబితా. చదువుతుంటే నెల్లూరు జిల్లా చూసినట్టే ఉంటుంది: బియ్యం మిల్లులు, రాళ్ళు కొట్టడం, రోడ్డు పని, అభ్రకం పని. రెండో భాగంలో వ్యవసాయం. అభ్రకం అంటే మనకు గూడూరు. రేడియోలకూ కరెంటు యంత్రాలకూ పోయే పలుచటి రేకుల్ని చేత్తో చీల్చి ఏరే పని అది. అభ్రకం గనుల కూలీల సంక్షేమ నిధి చట్టం 1946లోనే వచ్చింది. ఎగుమతయ్యే అభ్రకం మీద సుంకం వేసి, ఆ డబ్బుతో గని కూలీలకు ఆసుపత్రులు, బళ్ళు నడపాలని. మన వైపు కలిచేడులో ఆసుపత్రి ఆ నిధి పెట్టిందే. పన్ను తీసుకున్న చెయ్యి అదే కూలీకి తిరిగి పెట్టిన సందర్భాలు ఈ కథలో తక్కువ. అందుకే చెబుతున్నాను.

1957లో ఇండియన్ లేబర్ కాన్ఫరెన్స్ కనీస వేతనానికి కొలత చెప్పింది. మనిషికి 2,700 క్యాలరీలు, కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ, ఇంటి అద్దె, వంటచెరకు. పౌనుతో పోల్చండి. ఇక్కడ తేడా వెయ్యి క్యాలరీలతో ఆగదు. టెంపుల్ లెక్కలో గుడ్డ లేదు, ఇల్లు లేదు. చావకుండా ఉండటం, బతకడం వేరువేరని సర్కారు కాగితం మీద ఒప్పుకుంది. సుప్రీంకోర్టు ఇంకో అడుగేసింది. కనీస కూలి ఇవ్వలేని పరిశ్రమకు ఉండే హక్కే లేదంది.

కాలవ కథకు నేరుగా జవాబు మాత్రం 1983లో వచ్చింది, అదీ రాజస్థాన్ నుంచి. అక్కడి ప్రభుత్వం కరువు పనులకు కనీస వేతనాల చట్టం వర్తించదని 1964లో చట్టం చేసుకుంది. కరువు పని దయతో పెట్టింది కదా, దానికి కూలి రూలు ఏంటన్నది వాదం. సంజిత్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదంది. ఆకలి తరిమితే తక్కువ కూలికి ఒప్పుకోవడం ఒప్పుకోవడం కాదు, 23వ అధికరణం వద్దన్న వెట్టి అదే. 1877లో ఈ మాట అనేవాళ్ళుంటే బకింగ్‌హాం కాలవ గట్టు మీద ఎన్ని పొయ్యిలు వెలిగేవో. అయినా గొడవ తెగలేదు. 2005 ఉపాధి హామీ చట్టంలో 1948 చట్టంతో పని లేకుండా కేంద్రం రేటు పెట్టుకోవచ్చని ఒక సెక్షను పెట్టారు. ఆ తగాదా 2009లో మన హైకోర్టుకీ ఎక్కింది.

ఇప్పుడు మళ్ళీ పే స్లిప్పు వైపు చూద్దాం, ఈసారి అది లేనివాళ్ళ వైపు నుంచి. తీరంలో ఇవాళ పనంటే ఎక్కువగా రొయ్యల పని. చెరువులు, హేచరీలు, రొయ్యల తలలు తీసి ఐసు పెట్టే షెడ్లు. షెడ్లలో ఎక్కువమంది ఆడవాళ్ళు. చాలాచోట్ల మేస్త్రీ ద్వారా పని, కిలోకింత అని లెక్క. వాళ్ళు వృత్తి పన్ను కట్టరు. నెలకు 15,000 దాటకపోతే కట్టనవసరం లేదు, అది న్యాయమే. కానీ రెండొందలు కోసే పుస్తకంలో పేరు లేనివాళ్ళకు చాలాసార్లు హాజరు పుస్తకంలోనూ పేరుండదు. హాజరు లేకపోతే పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, కనీస కూలి ఇచ్చారా లేదా అని అడగడానికి కాగితం లేదు. మొతర్ఫా రోజుల్లో పేదవాడి బాధ సర్కారు కంట్లో పడటం. ఇప్పుడు బాధ పడకపోవడం.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1948 షెడ్యూలు పోయింది. ఏ పనైనా సరే కనీస వేతనం ఉండాల్సిందే అంటుంది వేతనాల కోడ్. కేంద్రం ఒక అడుగు రేటు చెబుతుంది, రాష్ట్రాలు దానికి కిందికి దిగకూడదు. మంచి మాటే. అభ్రకం ఏరే పనికి దొరికిన చోటు ఇప్పుడు రొయ్య ఒలిచే పనికీ దొరికింది. అయితే ఆ అడుగు రేటును ఏ కొలతతో కడతారు, క్యాలరీలూ గుడ్డా అద్దే లెక్కపెట్టా, లేక ఖజానా వైపు చూసా అన్నదే అసలు ప్రశ్న. రెండోది ఎట్లా ఉంటుందో టెంపుల్ ఒకసారి చూపించి పోయాడు.

2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఆ నీటి జోరును చాలాచోట్ల ఈ కాలవే మింగిందని, లేకపోతే నష్టం ఇంకా ఎక్కువుండేదని చెప్పుకున్నారు. ఇప్పుడది పూడిపోయి, తుమ్మ మొలిచి, కొన్నిచోట్ల కాలవని చెబితే తప్ప తెలియదు. పేరు మాత్రం గవర్నరుగారిదే. పౌను గింజలకు తవ్వినవాళ్ళ పేర్లు ఏ గట్టు మీదా లేవు. షెడ్డులో రొయ్య ఒలిచే ఆమె పేరు ఈ నెల ఏ పుస్తకంలో రాశారో కనుక్కోవడం మాత్రం ఇంకా మన చేతిలో ఉంది.