నంబరు ప్లేటు చివర జెడ్

పాత హైదరాబాద్ ఫోటోలో సిటీ బస్సు కనబడితే నా కళ్లు ముందు నంబరు ప్లేటునే వెతుకుతాయి. అక్షరాల వరస చివర జెడ్ ఉంటే అది మన ఆర్టీసీ బండే. ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద ఆ అక్షరం వచ్చిందని మా ఊళ్లో పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నిజాం ప్రభుత్వం 1932 జూన్‌లో 27 బస్సులతో ఈ సర్వీసులు మొదలుపెట్టింది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి ఇప్పటికీ బస్ భవన్ దగ్గర ఉంది. పాత ఫోటోల మీద ఆసక్తి ఉన్నవాళ్లు దాన్ని ఒక్కసారైనా దగ్గర నుంచి చూసి రావాలి. ఇంజను పెట్టె ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ ఆకారం మనసులో పడితే మసకబారిన ఫోటోలోనూ ఆ కాలపు బండిని పోల్చుకోవచ్చు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఏపీజెడ్, తర్వాత ఏఏజెడ్ లాంటి మూడక్షరాల వరసలు వచ్చాయి. 1989 జూలై తర్వాతి బండ్లకు జిల్లా అంకె చేరి ఏపీ 9 జెడ్, ఏపీ 11 జెడ్ అయ్యాయి. అయితే ప్లేటు చెప్పేది బండి ఎప్పుడు రోడ్డెక్కిందన్నదే. ఆ తర్వాత అది ఏళ్ల తరబడి తిరుగుతుంది, మధ్యలో బాడీ కూడా మారవచ్చు. అందుకే ఫోటో ఎప్పటిదో తేలాలంటే బస్సు వెనక ఏముందో చూడాలి.

నా దగ్గరున్న ఒక ఫోటోలో బస్సు ముందు బెంజ్ నక్షత్రం ఉంది. టాటా వాళ్లు బెంజ్‌తో కలిసి బండ్లు చేసింది 1954 నుంచి 1969 దాకా. ప్లేటు మీద ఏపీజెడ్ ఉంది కాబట్టి 1956కి ముందుది కాదు. వెనక నౌబత్ పహాడ్ బోడిగా ఉంది. ఆ గుట్ట మీది బిర్లా మందిర్ తెరిచింది 1976లో, కట్టడానికి పదేళ్లు పట్టింది. అంటే ఈ ఫోటో అరవైల నడిమికి ఇటు రాదు. ఇంత దగ్గరగా లెక్క తేలినప్పుడు కలిగే సంతోషం చెప్పలేను.

ఇంకో జాగ్రత్త. మన బస్సుల తలుపు ఎడమ పక్కన ఉంటుంది. ఫోటోలో కుడి పక్కన కనిపిస్తే నెగెటివ్ తిరగేసి ప్రింటు వేశారన్నమాట. దుకాణాల బోర్డుల మీది అక్షరాలు చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది. డబుల్ డెక్కర్ మీద 7జెడ్ అని ఉంటే మాత్రం అది రూటు నంబరు, సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు.

గౌలిగూడ బస్టాండు కోసం వాడుకున్న విమానాల షెడ్డు 2018 జూలై 5న కూలిపోయింది. దాని ఇనుప కప్పు కింద బస్సులు నిలబడ్డ ఫోటోలు మన ఇళ్లలో ఇంకా ఉండే ఉంటాయి. డ్రైవర్లుగా, కండక్టర్లుగా చేసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆల్బం వాళ్ల ముందు పెట్టండి. డిపో ఏదో, రూటు ఏదో అడిగి, ఫోటో వెనక పెన్సిలుతో రాయండి.