విశాఖ తెర మీద ఇరాక్

విశాఖపట్నానికి ఇరాక్‌తో ఉన్న సంబంధం చిన్నది కాదు. ఇక్కడ కొండరాతిని తొలిచి కట్టిన వ్యూహాత్మక చమురు నిల్వల గుహల్లో 13 లక్షల 30 వేల టన్నుల ముడి చమురు పడుతుంది. 2015లో వాటిని నింపడం మొదలుపెట్టినప్పుడు ఓడల్లో వచ్చింది ఇరాక్ చమురే. ఇరాక్‌ను ఆనుకుని ఉన్న కువైట్‌కు గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి దశాబ్దాలుగా జనం పనికి వెళ్తున్నారు. 1990 ఆగస్టులో సద్దాం హుస్సేన్ సైన్యం కువైట్‌ను ఆక్రమించినప్పుడు అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇల్లు చేరిన లక్షకు పైగా భారతీయుల్లో తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఇంత రాకపోకలున్న చోట కూడా, 2000 తర్వాత పెరిగిన కుర్రాళ్లలో చాలామందికి ఇరాక్ అనగానే మెదిలేది పసుపుపచ్చ మట్టిగోడల సందు, మొహానికి గుడ్డ చుట్టుకున్న తుపాకీ మనిషి. ఆ బొమ్మ రేవు నుంచి రాలేదు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మేనమామ కబుర్లలోంచీ రాలేదు. ద్వారకానగర్‌లోనో గాజువాకలోనో గంటకింత అని డబ్బు కట్టి కూర్చున్న నెట్ సెంటర్‌లోంచి వచ్చింది. అమెరికన్లు, ఇరాకీలు వీడియో గేముల్లో ఒకరినొకరు ఎలా చూసుకున్నారన్న చరిత్ర మనకు పరాయి విషయం కాదని అనడానికి కారణం ఇదే. వాళ్లిద్దరి మధ్య నడిచిన చూపులో మనమూ ఒక పక్షాన కూర్చున్నాం, కూర్చున్నామన్న ఎరుక లేకుండానే.

ఆ చరిత్ర 1991 గల్ఫ్ యుద్ధంతో మొదలవుతుంది. బాంబు ముక్కుకు బిగించిన కెమెరా తీసిన దృశ్యాలను ప్రపంచమంతా టీవీలో చూసింది. భవనం దగ్గరవుతుంది, తెర మసకబారుతుంది, లోపల ఎవరున్నారో తెలియదు. మరుసటి ఏడాదే, 1992లో, ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ డెజర్ట్ స్ట్రైక్ అనే గేమ్ తెచ్చింది. అపాచీ హెలికాప్టర్ నడిపే ఆటగాడు ఎడారిని పైనుంచి ఏటవాలుగా చూస్తాడు. కింద ట్యాంకులు, రాడార్లు, వేలెడంత మనుషులు. శత్రు సేనాని పేరు కిల్‌బాబా అని కల్పించారు కానీ, పోలిక ఎవరితోనో ఆనాడు పేపరు చదివే ఎవరికైనా తెలుసు. ఆ గేములో నన్ను ఆపేది దాని హింస కాదు, దాని ఎత్తు. అంత ఎత్తు నుంచి చూస్తే కిందివాడు ఏ దేశస్థుడైనా గురి మాత్రమే. అందుకే ఈ వ్యాసంలో నా వాదం ఒక్కటే: గేమ్ మన మనసు మీద వేసే ముద్రను తేల్చేది అందులో పారిన నెత్తురు కాదు. ఆట మనల్ని ఎవరి ఒంట్లో కూర్చోబెట్టింది, ఎవరికి మొహమూ మాటా ఇచ్చింది, ఎవరికి ఇవ్వలేదు అన్నదే తేలుస్తుంది.

1999లో మొదలైన కౌంటర్ స్ట్రైక్ ఆటగాణ్ని హెలికాప్టర్‌లోంచి నేల మీదికి దించింది. మన నెట్ సెంటర్లలో ల్యాన్ మీద కంప్యూటర్లు కలిపి, రెండు జట్లుగా విడిపోయి ఆడిన ఆట ఇది. అందులో డస్ట్2 మ్యాప్ ఎంత పేరు పొందిందంటే, దాని మలుపులు తమ వీధి మలుపుల్లా చెప్పగలిగినవాళ్లు ఒక తరంలో ఎందరో ఉన్నారు. ఆ మ్యాప్‌ను ఒకసారి నిదానంగా గుర్తు చేసుకోండి. ఎండ పడ్డ ఇసుకరంగు గోడలు, కమాను ద్వారాలు, పెద్ద చెక్క తలుపులు, పేర్చిన చెక్కపెట్టెలు. అది అరబ్బుల ఊరని చూడగానే తెలుస్తుంది, కానీ ఊళ్లో ఊరివాళ్లు ఒక్కరూ లేరు. కూరగాయలు అమ్మేవాడు లేడు, బడికి వెళ్లే పిల్ల లేదు, మిద్దె మీంచి తొంగిచూసే ముసలామె లేదు. రెండు వైపులా ఆడవచ్చు కదా, టెర్రరిస్టు జట్టులోనూ మనమే ఉంటాం కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. అయితే ఆ వైపు ఆడేవాడికి దక్కేది బాంబు పెట్టే పని ఒక్కటే. ఊరు వాడిది కాదు, ఊళ్లో వాడికి ఇల్లు లేదు. అరబ్బుల ఊరంటే కాల్పుల కోసం కట్టిన ఖాళీ స్థలమన్న భావన ఇలా వేల గంటల అలవాటుగా, ఎవరూ బోధించకుండానే పాతుకుపోయింది.

దీన్ని బాహాటంగా, ప్రభుత్వ ఖర్చుతో చేసింది అమెరికా సైన్యం. 2002 జూలై 4న, తమ స్వాతంత్ర్య దినాన, అమెరికాస్ ఆర్మీ అనే గేమును ఉచితంగా విడుదల చేసింది. ఉద్దేశం దాచుకోలేదు, కుర్రాళ్లను సైన్యం వైపు లాగడానికే. అందులో ఒక ఏర్పాటుంది, ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన సాక్ష్యం అది. రెండు జట్లు ఎదురెదురుగా ఆడతాయి. ప్రతి జట్టుకూ తాము అమెరికన్ సైనికులుగానే కనబడతారు, ఎదుటి జట్టు మాత్రం శత్రువు వేషంలో కనబడుతుంది. అంటే మీ తెర మీద మీరు అమెరికన్, నేను శత్రువు. నా తెర మీద నేను అమెరికన్, మీరు శత్రువు. విశాఖలో కూర్చున్నా, బాగ్దాద్‌లో కూర్చున్నా శత్రువుగా ఆడే వీలే లేదు. రెండో మనిషి కళ్లు ఎలా ఉంటాయో ఊహించుకునే దారిని సాఫ్ట్‌వేర్‌తోనే మూసేశారు. ఆటలు మనుషుల అభిప్రాయాలు మార్చవు, కాలక్షేపమే అని వాదించేవాళ్లు ఈ గేమును ఎలా వివరిస్తారో తెలియదు. ప్రభావమే లేదనుకుంటే సైన్యం 2022 దాకా దాన్ని నడిపేది కాదు.

2007లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ 4: మోడరన్ వార్‌ఫేర్ మరింత నేర్పుగా చేసిన పని. పేరు లేని అరబ్బు దేశంలో పదవీచ్యుతుడైన అధ్యక్షుణ్ని కారులో ఈడ్చుకుపోతుంటారు, ఆటగాడు ఆయన ఒంట్లో ఉంటాడు. కిటికీలోంచి వీధుల్లో కాల్పులు, పరుగెత్తే జనం కనబడతారు. మనం తల అటూ ఇటూ తిప్పగలం, అంతకు మించి ఏమీ చేయలేం. చివర ఆయన్ని కాల్చి చంపుతారు. ఆ నేల మనిషి కళ్లలోంచి చూసే అవకాశం అప్పుడొక్కసారే వచ్చింది, అదీ చేతులు కట్టేసి. తర్వాత తుపాకీ చేతికొచ్చేసరికి మళ్లీ మనం అమెరికన్లమో, బ్రిటిష్‌వాళ్లమో. చెక్ పరిశోధకుడు వీట్ షిస్లర్ 2008లో అరబ్బుల చిత్రణ మీద రాసిన వ్యాసంలో ఈ ధోరణినే విడమరిచారు. 2019 నాటి కొత్త మోడరన్ వార్‌ఫేర్‌లో చరిత్రకే చేయి తగిలింది. 1991 ఫిబ్రవరిలో కువైట్ నుంచి బస్రా వైపు వెనుదిరిగిన ఇరాకీ సైన్యం మీద అమెరికా, దాని మిత్రుల విమానాలు బాంబులు కురిపించిన దారిని ‘మృత్యు రహదారి’ అంటారు. ఆ గేములో అదే పేరుతో ఒక కల్పిత దేశంలో దారి ఉంది, దాని మీద బాంబులు వేసింది రష్యన్లని చెప్పారు. కువైట్‌లో బతుకుతెరువు వెతుక్కున్న తెలుగు కుటుంబాలకు ఆ రహదారి నిన్నమొన్నటి జ్ఞాపకం. వాళ్ల మనవడు గేములో ఇంకో చరిత్ర నేర్చుకుంటున్నాడు.

అవతలి వైపు ఏం జరిగింది? అద్దం తిప్పారు, అంతే. డమాస్కస్‌లో దార్ అల్-ఫిక్ర్ సంస్థ అండర్ యాష్ తీసింది, 2003లో లెబనాన్‌లో హిజ్బుల్లా స్పెషల్ ఫోర్స్ తీసింది. ఇందులో మరీ విచిత్రమైన వంశక్రమం ఒకటుంది. అమెరికాలో సద్దాంను వేటాడే క్వెస్ట్ ఫర్ సద్దాం అనే గేమ్ వస్తే, 2006లో జిహాదీ ప్రచారకులు దాన్నే తీసుకుని సద్దాం మొహం బదులు బుష్ మొహం అతికించారు. దారులు అవే, తుపాకులు అవే, మొహాలే మారాయి. ఆ మార్పు కోసం గేమును తిరిగి కట్టవలసిన పని పడలేదంటే, మొదటి గేములో ఇరాకీల గురించి ఇరాకీలకే చెందిన విషయం ఒక్కటీ లేదన్నమాట. అప్పట్లో షికాగోలో ఉంటున్న ఇరాకీ కళాకారుడు వఫా బిలాల్ 2008లో ఆ రెండో గేమును మళ్లీ మార్చి, అందులో తననే ఒక పాత్రగా పెట్టాడు. ఆయన తమ్ముడు 2004లో ఇరాక్‌లో అమెరికా దాడిలో చనిపోయాడు. సామాన్య ఇరాకీ ఈ రెండు మూసల నడుమ ఎలా నలిగిపోతున్నాడో చూపడం ఆయన ఉద్దేశం. న్యూయార్క్ రాష్ట్రంలోని రెన్సెలేర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ ఆ ప్రదర్శనను మూసేసింది.

దానికి ముందు, 2007లో, బిలాల్ చేసిన ప్రయోగం ఇంకా లోతైనది. షికాగో గ్యాలరీ గదిలో నెల రోజులు ఉన్నాడు. ఇంటర్నెట్ ద్వారా ఎవరైనా గురిపెట్టి పేల్చగల పెయింట్‌బాల్ తుపాకీ ఆ గదిలో ఉంచాడు. వందకు పైగా దేశాల నుంచి 60 వేలకు మించి గుళ్లు పేలాయి. గోడలు, మంచం, దీపం పసుపు రంగులో మునిగిపోయాయి. ఇది మనుషుల మీద నిరాశ పుట్టించే లెక్కే. కానీ అదే తెర మీద కొందరు వంతులు వేసుకుని, రాత్రీ పగలూ మేలుకుని, తుపాకీ మూతిని ఆయన మీద నుంచి పక్కకు తిప్పి పట్టుకున్నారు. తుపాకీ అదే, మీట అదే. తెర అవతల తిని, పడుకుని, భయపడే మనిషి కనబడడం వల్లే వాళ్ల చెయ్యి అటు తిరిగిందని నేను నమ్ముతాను.

యుద్ధాన్ని ఆడేవాడి కోసం సరళం చేయక తప్పదు, సామాన్యుల గోడు పెడితే ఆట ఎవరు కొంటారు అని పరిశ్రమ వాదన. 2014లో పోలండ్ సంస్థ 11 బిట్ తీసిన దిస్ వార్ ఆఫ్ మైన్ దానికి జవాబు. ముట్టడిలో చిక్కుకున్న ఊళ్లో తిండికీ మందులకూ తడుముకునే మామూలు మనుషులే అందులో పాత్రలు. జనం కొన్నారు, 2020లో పోలండ్ ప్రభుత్వం దాన్ని పాఠశాలల సిఫారసు జాబితాలో చేర్చింది. సిక్స్ డేస్ ఇన్ ఫలూజా కథ ఇంత తేలిక కాదు. 2004 ఫలూజా యుద్ధం మీద ఈ గేమును 2009లో ప్రకటించగానే నిరసనలు రేగి, ప్రచురణ సంస్థ కొనామీ తప్పుకుంది. 2021లో తిరిగి ప్రాణం పోశారు, 2023 జూన్‌లో ఆడేవాళ్ల ముందుకొచ్చింది. ఊరివాళ్ల సాక్ష్యాలు సేకరించామని నిర్మాతలు చెప్పారు, అది ముందడుగే. అయినా తలుపు తన్ని లోపలికి వెళ్లే సైనికుడి భుజం మీదే గేము బరువంతా ఉంది. సాక్ష్యం విన్నంత మాత్రాన చూపు మారదు.

ఇదంతా మనకు ఎందుకంటే, ఇప్పుడు మనమూ గేములు తీస్తున్నాం. ఇరవయ్యేళ్ల కిందట ఇతరుల తెర మీద మనం బొమ్మలం. 2002లో హిట్‌మ్యాన్ 2లో గురుద్వారా పోలికలున్న చోట తలపాగా మనుషులను చంపే ఘట్టం పెడితే సిక్కులు నిరసించారు, సంస్థ దాన్ని మార్చింది. ఆ బాధ న్యాయమైనదే. 2009లో హైదరాబాద్ సంస్థ అరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్ 2 కోసం హనుమాన్: బాయ్ వారియర్ తయారుచేసింది, భారతదేశంలోనే పూర్తిగా తయారైన తొలి కన్సోల్ గేములలో అదొకటి. దేవుణ్ని మీటతో ఆడిస్తారా అని అమెరికాలో అభ్యంతరాలు లేచాయి. ఒక మనిషినైనా దేవుణ్నయినా ఎవరి చేతిలో పెడుతున్నామన్నది పెద్ద విషయమని ఆ అభ్యంతరం చెప్పినవాళ్లకు బాగా తెలుసు. ఆ తెలివిడి మనం శత్రువును గీసేటప్పుడు కనబడలేదు. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో 20 మంది మన సైనికులు అమరులయ్యారు, వారిలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు ఒకరు. 2021 జనవరి 26న వచ్చిన ఫౌజీ గేములో ఆ లోయే రంగస్థలం. ప్రత్యర్థులు గుంపులు గుంపులుగా మీద పడతారు, దెబ్బ తిని పోతారు. సంతోష్ బాబు వంటి అధికారి ఆ లోయలో నిలబడి తీసుకోవలసి వచ్చిన నిర్ణయాల బరువు ఆ కొట్లాటలో ఎక్కడుంది? శత్రువును బొమ్మ చేస్తే మన వీరుడి త్యాగం కూడా చిన్నదైపోతుంది.

ఏ జాతినీ శత్రువుగా పెట్టని పబ్జీని ఇరాక్ పార్లమెంటు 2019 ఏప్రిల్‌లో, భారత ప్రభుత్వం 2020 సెప్టెంబర్‌లో నిషేధించడం కూడా ఈ చరిత్రలో భాగమే. కారణాలు వేరు, ఒకచోట పిల్లల మీద దుష్ప్రభావం, ఇంకోచోట దేశ భద్రత. వాటిని నేను కొట్టిపారేయను. అయితే ముక్కూ మొహం తెలియని పరదేశి జట్టులో చేరి మైకులో మాట్లాడిన ఆటే ఆగిపోయింది, ఒకే గోడ వైపు నుంచి కాల్చే ఆటలు యథాప్రకారం సాగాయి.

శత్రువును మనిషిగా చూపగలమా అన్న పరీక్ష విశాఖకు ఘాజీ రూపంలో ఉంది. 1971 డిసెంబర్ 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరంలో మునిగిపోయింది, అందులోని 93 మంది చనిపోయారు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల వల్ల మునిగిందని మన నౌకాదళం అంటుంది, లోపలే పేలుడు జరిగిందని పాకిస్తాన్ అంటుంది. 2017 నాటి ఘాజీ సినిమా రాజ్‌పుత్ బదులు రెండు జలాంతర్గాముల పోరు కల్పించింది, అయినా కెమెరాను పాకిస్తానీల జలాంతర్గామి లోపలికి కూడా తీసుకువెళ్లి వాళ్లకు మాటలిచ్చింది. శత్రువుకు ఇంత మర్యాద దేనికని అడిగేవారికి నౌకాదళమే జవాబు చెప్పింది: 2024లో ఘాజీ శిథిలాలను గుర్తించినప్పుడు, చనిపోయినవారి పట్ల గౌరవంతో వాటిని కదపలేదు. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలిపిన మన జలాంతర్గామి కుర్సురాలోకి ఎవరైనా దిగి చూడవచ్చు. ఇంజన్ల పక్కన, టార్పెడోల పక్కన నావికులు పడుకున్న ఇరుకు అరలు కనబడతాయి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో రేపు ఎవరైనా ఘాజీ మీద గేమ్ తీస్తే, ముందు ఆ అరల మధ్య కాసేపు నిలబడండి. రాజ్‌పుత్ మీద ఒక రాత్రి ఆడించండి, ఘాజీ లోపల కూడా ఒక రాత్రి ఆడించండి.