వాకిట్లో బొమ్మ: బొడ్డెమ్మ నుంచి ఎర్రటోపీ తాత దాకా

మా కనేరి ఇంటి మిద్దె మీద తులసి కుండీ పక్కన ఒక ఎర్రటోపీ తాత నిలబడి ఉంటాడు. తెల్ల గడ్డం, చేతిలో లాంతరు. మా తమ్ముడి కూతురు మొక్కలమ్మే చోట చూసి, ముచ్చటపడి కొనుక్కొచ్చింది. ఇంగ్లీషోళ్లు వీటిని నోమ్ అంటారు. నాయనమ్మ చూడగానే, "గీ ముసలాయన ఎవలు బిడ్డా? తులసమ్మ దగ్గర ఈయనకేం పని?" అన్నది. ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే మన వాకిలి చరిత్ర కూడా బయటికొచ్చింది.

ముందు ఆ తాత సంగతి. నోమ్ అనే పేరు 16వ శతాబ్దపు వైద్యుడు పారాసెల్సస్ రాతల్లో కనిపిస్తుంది. భూమి లోపల తిరిగే పొట్టి జీవులని ఆయన భావన. జర్మనీ గనుల ప్రాంతాల్లోనూ ఇలాంటి పొట్టివాళ్ల కథలు చెప్పుకునేవారు. చేతిలో లాంతరు, పార ఉండటం అందుకే. 1847లో సర్ చార్లెస్ ఐషమ్ అనే దొర జర్మనీ నుంచి 21 మట్టి బొమ్మలు తెచ్చి, ఇంగ్లండులోని లాంపోర్ట్ హాల్ తోటలో రాళ్ల మధ్య పెట్టాడు. వాటిలో ఇప్పుడు మిగిలింది ఒక్కటే. తర్వాత జర్మనీలోని గ్రాఫెన్‌రోడా ఊళ్లో కుమ్మరి పనివాళ్లు వీటిని పెద్దఎత్తున చేశారు. మామూలు ఇళ్ల తోటల్లోకి వచ్చాక పెద్దవాళ్లకు ఇవి చిన్నచూపైపోయాయి. లండన్ చెల్సీ పూల ప్రదర్శనలో వీటి మీద నిషేధం ఉండేది. 2013లో, వందేళ్ల పండుగకు మాత్రం సడలించారు.

ఇక మన సంగతి. మన ఆడపిల్లలు భాద్రపద బహుళ పంచమి నుంచి మహాలయ అమావాస్య దాకా బొడ్డెమ్మను ఆడేవాళ్లు. పుట్టమన్ను తెచ్చి, మెట్లు మెట్లుగా పేర్చి, పేడతో అలికి, ముగ్గులు వేసి, పూలు పెట్టి చుట్టూ తిరుగుతూ పాడేవాళ్లు. చివరికి నీళ్లలో కలిపేవాళ్లు. ఆ అమావాస్యనాడే ఎంగిలిపూల బతుకమ్మ మొదలు.

తాత నల్లగొండ జిల్లా నుంచి భివండి వచ్చి సాంచాల మీద పనికి కుదిరాడు. పన్నెండు గంటల పాళీ, ఒక్క ఖోలీలో సంసారం. వాకిలి అన్నదే లేదు. అయినా బొడ్డెమ్మ ఆగలేదు. పీట బొడ్డెమ్మ అని ఒక పద్ధతి ఉంది కదా, చెక్కపీట మీద మట్టి పేర్చి చేస్తారు. చాళ్ వరండాలో పీట వేసి, ఆట అయ్యాక లోపల పెట్టుకునేవాళ్లమని మేనత్తలు చెబుతారు. సాగనంపడానికి వరాళదేవి చెరువు ఉండనే ఉంది.

మగపిల్లలకు ఇక్కడి మరాఠీ దోస్తుల దగ్గర ఇంకో ఆట దొరికింది. దీపావళికి ఇటుకలు, గోనెసంచులు, బురదమట్టితో కిల్లా కట్టడం. దాని మీద ఆవాలు చల్లితే నాలుగు రోజుల్లో పచ్చగా మొలకలొస్తాయి. పైన సింహాసనం మీద శివాజీ మహారాజు, మెట్ల మీద మావళాలు, గుహలో పులి, కింద ఆవులు, రైతులు. మా నాయన కట్టిన కిల్లాలో ఒక మావళా చెయ్యి విరిగితే, సాంచా నుంచి తెచ్చిన దారంతో కట్టాడట.

తర్వాత సొంత ఇల్లయింది, మిద్దె మీద కుండీలొచ్చాయి. చోటు లేనప్పుడు పీట మీద చేసినోళ్లం, చోటొచ్చాక చెయ్యడం మానేశాం. మా తరం ఆడపిల్లలెవరికీ బొడ్డెమ్మ మెట్లు నిలబెట్టడం రాదు. కిల్లా కూడా ఇప్పుడు తయారుగా కొనుక్కోవచ్చు. ఎర్రటోపీ తాత మీద నాకు కోపం లేదు. ఆయనా పనోడే, మనలాగే ఊరు దాటి వచ్చినోడే. కానీ ఆయన్ని కొని పెడతాం, ఏళ్ల తరబడి ఉంటాడు. బొడ్డెమ్మ కొద్ది రోజులుండి నీళ్లలో కలుస్తుంది. అందుకే మళ్లీ ఏటా ఎవరో ఒకరు చేతులకు మట్టి అంటించుకోవాల్సిందే, పక్కన కూర్చున్న పిల్ల నేర్చుకోవాల్సిందే.

నాయనమ్మకు ఇప్పుడు చేతులు వణుకుతాయి గానీ, మన్ను ఎంత తడి ఉండాలో ముట్టి చెప్పగలదు. ఈ భాద్రపదంలో తమ్ముడి కూతుర్ని ఆమె పక్కన పీట వేసి కూర్చోబెడుతున్నాం. ఎర్రటోపీ తాతను అక్కడి నుంచి తీసేద్దామా అని అడిగితే నాయనమ్మ, "ఉండనీ, లాంతరు పట్టుకుంటడు" అన్నది.